రాజ్‌దూత్ 350కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ టైమింగ్: గీత మనమే గీసుకుందాం

నా టేబుల్ మీద పెన్నులు పెట్టుకునే డబ్బా ఒకప్పుడు రాజ్‌దూత్ 350 ఎడమ పిస్టన్. తలకిందులుగా నిలబెట్టాను కాబట్టి దాని నెత్తి టేబుల్‌కి ఆనుకుని ఉంటుంది. ఆ నెత్తి మధ్యలో బఠానీ గింజంత బొక్క. సన్నటి రీఫిల్ వేసి డబ్బా ఎత్తితే అది కిందనుంచి జారిపోతుంది.

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం. పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పడేలా చేసే పాత పద్ధతి స్విచ్‌లు) తీసేసి కొత్త ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించి అప్పటికి నాలుగు రోజులే. బిగించిన షెడ్డు వాళ్లు రోటర్ (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం) మీద ఉన్న పాత గీతకి కిట్‌ని సరిపెట్టి ఇచ్చేశారు, నేనూ ఇంకేమీ అడగలేదు. శామీర్‌పేట వైపు వెళ్తూ హకీంపేట దాటాక కాస్త గట్టిగా లాగాను. ఇంజిన్‌లోంచి స్టీలు డబ్బాలో గోలీలు ఊపినట్టు చప్పుడు వచ్చింది, హెల్మెట్ గాలి అనుకుని పట్టించుకోలేదు. రెండు నిమిషాల్లో బండి ఒక సిలిండర్ మీదే నడుస్తోంది.

పుత్లీబౌలి దగ్గర ఒక పెద్దాయన, అందరూ ఉస్తాద్ అంటారు, ప్లగ్ బొక్కలో డయల్ గేజ్ (పిస్టన్ ఎత్తు కొలిచే ముల్లు మీటరు) పెట్టి చూపించాడు. ఆ గీత దగ్గర పిస్టన్ టాప్‌కి, అంటే అది చేరే అన్నిటికంటే పై చోటుకి, ఇంకా 3.1 మి.మీ. కిందనే ఉంది. ఉండాల్సింది 2.0. "ఈ గీత ఎవరు కొట్టిన్రు బేటా? నువ్వు చూసినవా?" అన్నాడు. చూడలేదు. రోటరే ఇంకో బండిది. అందుకే ఈ వ్యాసంలో సగం, సొంత గీత గీసుకోవడం గురించే. ఆ గీత సరిగ్గా ఉంటే మిగతాదంతా స్క్రూడ్రైవర్ పని.

ఈ 2 మి.మీ. ఏమిటి

పెట్రోల్ పొగ అంటుకోవడానికి, మంట సిలిండరంతా పాకడానికి కొంత టైం పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి. ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి మన దగ్గర తయారుచేసిన ఈ బండికి యమహా చెప్పిన లెక్క టాప్‌కి ముందు 2.0 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కిందనుంచి పైకి కదిలే దూరం) 54 మి.మీ., కనెక్టింగ్ రాడ్ 110 మి.మీ. కాబట్టి క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగే లెక్కలో అది దాదాపు 20 డిగ్రీలు అవుతుంది. ఆ చుట్టుపక్కల ప్రతి 0.2 మి.మీ. ఒక డిగ్రీ అని గుర్తుపెట్టుకోండి, చాలాసార్లు పనికొస్తుంది. నా 3.1 మి.మీ. అంటే 25 డిగ్రీలు. ఐదు డిగ్రీల తేడాకే పిస్టన్ కరిగింది.

6000 ఆర్‌పీఎమ్ దగ్గర 20 డిగ్రీలు తిరగడానికి క్రాంక్‌కి పట్టేది అర మిల్లీసెకనుకి కాస్త ఎక్కువ, అంతే. స్పార్క్ ముందే పడితే, అంటే ఎర్లీ అయితే, పైకి వస్తున్న పిస్టన్ మీద మంట ఎదురు తంతుంది. వేడి పెరుగుతుంది, నాకింగ్ (ఆ గోలీల చప్పుడు) వస్తుంది, టూ స్ట్రోక్‌లో పిస్టన్ నెత్తి పోతుంది. లేటైతే బండి మొద్దుగా లాగుతుంది, సైలెన్సర్ బెండు విపరీతంగా కాలుతుంది. రెండూ తప్పే గానీ, ఎటూ తేల్చుకోలేనప్పుడు లేటు వైపే ఉండండి. లేటు జేబుకి చిల్లు పెడుతుంది, ఎర్లీ పిస్టన్‌కి పెడుతుంది.

పాయింట్లు ఉన్న రోజుల్లో కామ్ మీద రాసుకునే మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ లేటయ్యేది, నెలకోసారి చూసుకోవాల్సి వచ్చేది. ఎలక్ట్రానిక్‌లో ఆ అరుగుడు లేదు. అందుకే మొదటిసారి తప్పు పెడితే ఆ తప్పు కూడా అలాగే చెక్కుచెదరకుండా ఉండిపోతుంది.

ఇంకో సంగతి. పాయింట్లతో ఈ బండి టైమింగ్ ఏ స్పీడులోనైనా ఒకటే. కొన్ని కిట్లలో అలా కాదు, స్పీడుని బట్టి అవే ముందుకీ వెనక్కీ జరుపుకుంటాయి. మీ కిట్‌తో వచ్చిన కాగితం తీసి ఏ ఆర్‌పీఎమ్ దగ్గర ఎంత ఉండాలో చూడండి. కాగితం ఒక అంకె చెప్పి, నేను ఇంకోటి చెబితే కాగితం మాటే వినండి.

చెయ్యి పెట్టేముందు

బ్యాటరీ వోల్టేజ్ చూడండి. బండి ఆపి ఉన్నప్పుడు 12.4కి తగ్గకూడదు. తర్వాత తాళం తిప్పి, కిట్‌కి కరెంటు వచ్చే వైరు దగ్గర మళ్లీ కొలవండి. బ్యాటరీ దగ్గరకీ ఇక్కడికీ అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే మధ్యలో తాళం స్విచ్చో, కిల్ స్విచ్చో, తుప్పు పట్టిన కనెక్టరో తినేస్తోందని అర్థం. నలభై ఏళ్ల వైరింగ్ కదా. పాయింట్లు ఇలాంటివాటిని సర్దుకుపోతాయి, ఎలక్ట్రానిక్ బాక్స్ సర్దుకోదు. ఇంజిన్‌కి విడిగా ఒక ఎర్త్ వైరు వేయడం మంచిది. ఫ్రేమ్‌కి కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించిన బండ్లకైతే అది తప్పనిసరి, ఆ రంగులోంచి కరెంటు పోదు.

ప్లగ్ క్యాప్‌లు రెసిస్టర్ ఉన్నవే వాడాలి, 5 కిలో ఓమ్‌లవి దొరుకుతాయి. లేకపోతే స్పార్క్ వల్ల పుట్టే గోల పికప్ (అయస్కాంతం ఎదురైనప్పుడు బాక్స్‌కి సంకేతం ఇచ్చే సెన్సర్) వైర్లలోకి ఎక్కి బాక్స్ తికమకపడుతుంది. అలాగే ప్లగ్ వైరుని గాలిలో వదిలేసి ఎప్పుడూ కిక్ కొట్టకండి. స్పార్క్‌కి దారి దొరక్క లోపలే ఎక్కడో దూకి ఇగ్నిషన్ కాయిల్ గానీ బాక్స్ గానీ కాలిపోతుంది. ప్లగ్ బయటికి తీస్తే క్యాప్‌లోనే ఉంచి దాని బాడీని ఇంజిన్‌కి ఆనించండి, ప్లగ్ బొక్కకి మాత్రం దూరంగా. అందులోంచి పెట్రోల్ పొగ వస్తుంది.

సామాన్లు

0.01 మి.మీ. చూపించే డయల్ గేజ్, దాన్ని 14 మి.మీ. ప్లగ్ బొక్కలో బిగించే అడాప్టర్, ఒక స్ట్రోబ్ లైటు (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసేది), మల్టీమీటర్, ఇత్తడి ఫీలర్ గేజ్ (సన్నటి గ్యాప్ కొలిచే రేకులు) కావాలి. ఇనప ఫీలర్ అయస్కాంతానికి అతుక్కుని తప్పుడు గ్యాప్ చూపిస్తుంది. గేజ్ కొత్తది కావాలంటే రాణిగంజ్‌లో కొలిచే పనిముట్ల షాపుల్లో దొరుకుతుంది. అడాప్టర్ దొరక్కపోతే పాత ప్లగ్ పింగాణీ పగలగొట్టి, ఆ బాడీ పట్టుకుని బాలానగర్‌లో ఏదైనా లేత్ షాపుకి వెళ్లండి, అరగంట పని. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత గేజ్‌లు కనిపిస్తాయి గానీ, ముల్లుని వేలితో నాలుగుసార్లు పైకి నెట్టి వదిలి ప్రతిసారీ అదే అంకె మీదికి వస్తోందో లేదో చూశాకే బేరం ఆడండి.

స్ట్రోబ్ మామూలుది చాలు. డిగ్రీలు, ఆర్‌పీఎమ్ చూపించే డిజిటల్ రకాలు చాలావరకు ఫోర్ స్ట్రోక్ లెక్కతో పనిచేస్తాయి. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ స్పార్క్ పడుతుంది కాబట్టి అవి తప్పుడు అంకెలు చూపిస్తాయి. అదే ఉంటే దాని డిగ్రీ నాబ్‌ని సున్నా మీద ఉంచి వట్టి లైటుగానే వాడుకోండి. ఇంకా పాత సైకిల్ స్పోక్ ఒకటి, తెల్ల నెయిల్ పాలిష్.

టాప్ పట్టుకోవడం

బండి సెంటర్ స్టాండ్ మీద వేసి, పెట్రోల్ కాక్ మూసి, రెండు ప్లగ్‌లూ తీసేయండి. ఇంజిన్ ఎడమ కవర్ తీస్తే రోటర్ కనిపిస్తుంది. ఆల్టర్నేటర్ కార్బన్ బ్రష్‌లు అక్కడే ఉంటాయి, నాజూకైనవి, వేలు తగలనివ్వకండి.

ఇక్కడ చాలామంది రోటర్ బోల్ట్‌కి స్పానర్ వేసి తిప్పుతారు. ఎడమవైపు నుంచి చూస్తే ఈ బండి క్రాంక్ గడియారానికి ఎదురు దిక్కులో తిరుగుతుంది. ఆ దిక్కులో స్పానర్ తిప్పితే క్రాంక్ తిరగడం అటుంచి బోల్ట్ లూజవుతుంది. ఆరో గేర్ వేసి వెనక చక్రాన్ని ముందుకి తిప్పండి. దిక్కు మీద అనుమానం కూడా దీంతోనే తీరిపోతుంది, చక్రం ముందుకి తిరిగితే రోటర్ ఎటు తిరుగుతుందో అదే దిక్కు.

ఎడమ సిలిండర్‌లో గేజ్ బిగించి చక్రాన్ని మెల్లగా తిప్పండి. ముల్లు పరుగెత్తుతుంది, నెమ్మదిస్తుంది, ఒకచోట ఆగినట్టే ఆగి వెనక్కి మళ్లుతుంది. ఆ మళ్లే చోటే టాప్. డయల్ సున్నాని అక్కడికి తిప్పండి. రెండుమూడుసార్లు దాటించి చూడండి, ప్రతిసారీ ముల్లు సున్నా దగ్గరే మళ్లాలి. మళ్లకపోతే అడాప్టర్ లూజుగా ఉందని అర్థం. టాప్ దగ్గర పిస్టన్ కొన్ని డిగ్రీల మేర కదలనట్టే ఉంటుంది, దాని గురించి కంగారు వద్దు. మనకి కావాల్సింది ఎత్తు మాత్రమే, గీత గీసేది 2 మి.మీ. దగ్గర. అక్కడ ముల్లు చురుగ్గానే కదులుతుంది.

గీత

ఇప్పుడు చక్రాన్ని వెనక్కి తిప్పి పిస్టన్‌ని 4 మి.మీ. దాకా దింపండి. అక్కడినుంచి మళ్లీ ముందుకి తిప్పుతూ సరిగ్గా 2.00 దగ్గర ఆపండి. దాటిపోతే వెనక్కి కొంచెం లాగి సరిపెట్టకండి, మళ్లీ 4 దాకా వెళ్లి రండి. చైన్‌లో, గేర్లలో కొంచెం ఆట ఉంటుంది. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వస్తే ఆ ఆట లెక్కలోకి రాదు.

స్పోక్ ముక్కని వంచి, స్టేటర్ (రోటర్ చుట్టూ కదలకుండా ఉండే భాగం) బిగించే ఒక స్క్రూ కింద పెట్టి, దాని మొన రోటర్ అంచుకి ఒక మిల్లీమీటర్ దూరంలో ఆగేలా చూడండి. పైన, గడియారంలో 12 ఉండే చోట పెడితే తర్వాత చూడటం తేలిక. మొనకి ఎదురుగా రోటర్ మీద బ్లేడుతో సన్నటి గీత గీయండి. నెయిల్ పాలిష్ రాసి, ఆరకముందే గుడ్డతో తుడిస్తే గీతలో మాత్రమే తెలుపు మిగులుతుంది. పాత గీతలేమైనా ఉంటే నల్ల మార్కర్‌తో కప్పేయండి. స్ట్రోబ్ కింద మూడు గీతలు కనిపిస్తే బుర్ర పనిచేయదు.

గేజ్‌ని కుడి సిలిండర్‌లోకి మార్చి ఇదంతా మళ్లీ చేయండి. రెండు పిస్టన్‌లకీ మధ్య 180 డిగ్రీలు కాబట్టి కుడి గీత రోటర్‌కి సరిగ్గా అవతలి అంచున రావాలి. ఈ క్రాంక్ ప్రెస్ చేసి కూర్చినది, పాత బండ్లలో కాస్త మెలి తిరిగి ఉండటం మామూలే. నా బండిలో కుడివైపు అర డిగ్రీ తేడా ఉంది. కిట్‌లో రెండు పికప్‌లు విడివిడిగా జరిపే వీలుంటే ఏ సిలిండర్‌ని ఆ సిలిండర్ గీతకే పెట్టుకోవచ్చు. రెండు పికప్‌లూ ఒకే ప్లేట్ మీద ఉంటే, రెండింట్లో ఏది ఎర్లీగా ఉందో దాన్ని 2.0కి పెట్టి రెండోదాన్ని లేటుగా వదిలేయండి. సగటు తీసి మధ్యలో పెట్టడం న్యాయంగా అనిపిస్తుంది గానీ అలా చేస్తే ఒక పిస్టన్ ఎర్లీలో ఉంటుంది.

ఇంజిన్ ఆపి ఉండగా

పికప్‌కీ అయస్కాంతానికీ మధ్య గ్యాప్‌ని కాగితంలో చెప్పినంత పెట్టండి, ఇత్తడి ఫీలర్‌తో. పిస్టన్‌ని మళ్లీ 2.00కి తెచ్చి, ప్లేట్ స్క్రూలు వదులు చేసి, తాళం ఆన్ చేయండి. చాలా కిట్లకి ఒక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. ప్లేట్‌ని మెల్లగా తిప్పుతుంటే అది ఒకచోట వెలుగుతుంది లేదా ఆరిపోతుంది. స్పార్క్ వెలిగినప్పుడు పడుతుందో ఆరినప్పుడు పడుతుందో కిట్‌ని బట్టి మారుతుంది, కాగితం చూడండి. ఆ చోట స్క్రూలు బిగించండి. తాళం ఆన్‌లో మర్చిపోయి టీకి వెళ్లకండి, కొన్ని బాక్స్‌లు కాయిల్‌కి కరెంటు ఇస్తూనే ఉంటాయి, అది వేడెక్కిపోతుంది.

ఇదంతా బండి స్టార్ట్ అవడానికి సరిపోయేంత మాత్రమే. పూర్తయిందనుకుని రోడ్డెక్కొద్దు.

స్ట్రోబ్ కింద

వేసవిలో ఈ పని పొద్దున ఆరింటికల్లా మొదలుపెట్టాలి. ఎండ పడితే గీత కనపడదు, పైగా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పొగ పెడితే వాచ్‌మన్ దగ్గర్నుంచి అసోసియేషన్ సెక్రటరీ దాకా అందరూ దిగొస్తారు. గేటు బయట గోడ నీడలో పెట్టుకోండి. ఇది గాలితో చల్లబడే ఇంజిన్, నిలబెట్టి రేజ్ చేస్తే మాడిపోతుంది. నేను ఇంట్లో కూలర్ తెచ్చి నీళ్లు లేకుండా ఇంజిన్ ముందు పెడతాను. అయినా ఒక్కో విడతకి ఇరవై సెకన్లకి మించను.

స్ట్రోబ్‌కి కరెంటు వేరే బ్యాటరీ నుంచి ఇవ్వండి. బండి బ్యాటరీకే కలిపితే ఆ లైటు లాగే కరెంటు ఇగ్నిషన్‌ని కదిలించి, లేని తప్పుని చూపిస్తుంది. క్లిప్‌ని ఎడమ ప్లగ్ వైరుకి పెట్టండి, దాని మీది బాణం ప్లగ్ వైపు చూడాలి. వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు తీసేసి కూర్చోండి. కవర్ లేని రోటర్ ముందు ముఖం పెడుతున్నారు.

ఇంజిన్ వేడెక్కాక కాగితం చెప్పిన ఆర్‌పీఎమ్‌కి తెచ్చి లైటు వేయండి. తిరుగుతున్న రోటర్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది, తెల్లగీత స్పోక్ మొన దగ్గర వణుకుతూ ఉంటుంది. రోటర్ గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతోంది కాబట్టి, పైన ఉన్న స్పోక్ దగ్గర గీత కుడి నుంచి ఎడమకి పోతుంది. అందుకని గీత మొనకి కుడివైపు కనిపిస్తే ఇంకా అక్కడికి చేరకముందే స్పార్క్ పడింది, ఎర్లీ. ఎడమవైపు కనిపిస్తే దాటాక పడింది, లేటు. ఎర్లీ అయితే ప్లేట్‌ని రోటర్ తిరిగే దిక్కులోనే జరపాలి, లేటైతే ఎదురు దిక్కులో. ఎంత జరపాలో అంచనాకి ఒక కొలత: కేంద్రం నుంచి 40 మి.మీ. దూరంలో ఒక డిగ్రీ అంటే 0.7 మి.మీ. ప్రతిసారీ ఇంజిన్ ఆపి జరపండి. నడుస్తుండగా స్క్రూడ్రైవర్ లోపల పెట్టే వీరులని చూశాను, వాళ్ల వేళ్లనీ చూశాను.

గీత నిలకడగా ఉండక అటూ ఇటూ దూకుతుంటే టైమింగ్ జరపడం ఆపండి. రోటర్ బోల్ట్, ప్లేట్ స్క్రూలు, ఎర్త్, ప్లగ్ క్యాప్ రెసిస్టర్, చివరికి క్రాంక్ బేరింగ్ ఆట, ఈ వరసలో వెతకండి. స్పీడు పెంచేకొద్దీ గీత మెల్లగా జరుగుతుంటే అది మీ కిట్ స్వభావం కావచ్చు, లేదా చవక స్ట్రోబ్ ఆలస్యం కావచ్చు. ఇంకో స్ట్రోబ్ అడిగి తెచ్చుకుని చూస్తే తెలిసిపోతుంది. తర్వాత క్లిప్ కుడి వైరుకి మార్చి రెండో గీత చూడండి.

రోడ్డు మీద

అవుటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు. పరీక్షకి నేను అనంతగిరి ఘాట్‌కి వెళ్తాను, ఎత్తు ఎక్కేటప్పుడే ఇంజిన్ మీద బరువు పడి నిజం బయటపడుతుంది. గోలీల చప్పుడు ఒక్కసారి వినిపించినా యాక్సిలరేటర్ వదిలేయండి. పైకి ఎక్కుతుండగానే కిల్ స్విచ్ కొట్టి, క్లచ్ పట్టి, పక్కకి ఆపి ప్లగ్‌లు తీయండి. పింగాణీ మీద భూతద్దంలో మెరిసే వెండి చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం. బండిని మెల్లగా ఇంటికి తెచ్చి 0.2 మి.మీ. లేటు చేయండి.

అయితే తప్పంతా టైమింగ్‌దే అనుకోవద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. కార్బ్యురేటర్‌లో పాత జెట్లతో (పెట్రోల్ వదిలే సన్నటి బొక్కలు) మిశ్రమం పల్చబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోల్ ఉండదు, పల్చని మిశ్రమం కూడా పిస్టన్‌ని ఇలాగే వేడెక్కిస్తుంది. ఇన్‌టేక్ రబ్బర్లు చిట్లి గాలి పీల్చినా అంతే. ప్లగ్ తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే ముందు కార్బ్యురేటర్ వైపు చూడండి.

బుల్లెట్, ట్రయంఫ్, నార్టన్ ఉన్నవాళ్లకి

పద్ధతి ఇదే, మూడు చోట్ల మాత్రం జాగ్రత్త. వాటిలో ప్లగ్ ఏటవాలుగా ఉంటుంది, గేజ్ చెప్పే అంకె నిజం కాదు. డిగ్రీల చక్రం బిగించి, ప్లగ్ బొక్కలో పిస్టన్‌ని ఆపే బోల్ట్ పెట్టి, రెండు దిక్కులా తిప్పి ఆగిన అంకెల మధ్య బిందువే టాప్ అని లెక్కకట్టాలి. రెండోది, ఫోర్ స్ట్రోక్‌లో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది, రెండు వాల్వ్‌లూ మూసి ఉన్నదే మనకి కావాల్సింది. మూడోది, పికప్ కామ్ షాఫ్ట్ మీద ఉంటే అది సగం స్పీడులో తిరుగుతుంది, ప్లేట్‌ని ఒక డిగ్రీ జరిపితే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలు మారుతుంది. స్ట్రోబ్ కొలత కూడా పూర్తి అడ్వాన్స్, అంటే స్పార్క్ అన్నిటికంటే ముందు పడే కొలత, వచ్చే స్పీడులో తీసుకోవాలి. 650 ట్రయంఫ్ ట్విన్‌కి ఆ అడ్వాన్స్ 38 డిగ్రీలు, నార్టన్ కమాండోకి 28. ఒకదాని అంకె ఇంకోదానికి పెడితే ఏమవుతుందో నా పెన్నుల డబ్బా చూస్తే తెలుస్తుంది.

మళ్లీ ఎప్పుడు

కొత్త కిట్ అయితే 500 కిలోమీటర్లకి ఒకసారి కవర్ తీసి ప్లేట్ స్క్రూలు, పికప్ గ్యాప్ చూసి, స్ట్రోబ్ వేయండి. ఆ తర్వాత ఏడాదికోసారి చాలు. రోటర్ గానీ క్రాంక్ గానీ విప్పితే మాత్రం పాత గీతని చెరిపేసి మళ్లీ డయల్ గేజ్‌తో మొదలుపెట్టండి, ఆ గీత మీరు గీసిందే అయినా సరే. స్పోక్ ముక్కని పారేయకుండా టూల్ బాక్స్‌లో ఉంచుకోండి, దాని వంపు మళ్లీ సరిగ్గా రాబట్టడానికి నాకు గంట పట్టింది.